మాకు సన్మానాలొద్దు, హాజరు రూలు మార్చండి



మన గ్రూపులో ఈ మధ్య ఒక మాట పదే పదే వస్తోంది. "పెళ్ళైనవాళ్ళు డిగ్రీ సీటు తీసుకుంటారు, మధ్యలో మానేస్తారు. ఆ సీటు ఇంకొకరికి ఇస్తే వాళ్ళన్నా బాగుపడతారు కదా" అని. అన్నది బయటివాళ్ళు కాదు, మన అన్నలే. దానికి చాలామంది "కరెక్ట్" అని కూడా పెట్టారు. అందుకే ఈ పోస్టు. కొంచెం పొడుగే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేము అంటే భద్రాచలం ఏజెన్సీ గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలం. కోయ, కొండరెడ్డి, నాయకపోడు ఇళ్ళ పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గేటు దాటిన మొదటివాళ్ళం మేమే. మాలో కొందరికి పెళ్ళైంది. ఇద్దరికి పిల్లలున్నారు, ఆ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. పెళ్ళికానివాళ్ళం కూడా సెలవు వస్తే పుస్తకం మూసి పత్తి చేలోకి పోయేవాళ్ళమే. అందుకే "చదువుతూ పనిచేసేవాళ్ళు", "పిల్లలతో చదివేవాళ్ళు" అని వేరే కులమేదో ఉన్నట్టు మాట్లాడితే మాకు వింతగా ఉంటుంది. మన దగ్గర చదువంటేనే పనితో కలిసిన చదువు.

ముందు సీటు సంగతి తేల్చుకుందాం. దోస్త్ కౌన్సెలింగ్ అన్ని విడతలూ అయిపోయాక కూడా రాష్ట్రంలో ఏటా లక్షకు పైగా డిగ్రీ సీట్లు మిగిలిపోతున్నాయి. అంటే ఒక తల్లి కాలేజీలో చేరితే ఎవరి నోటి దగ్గర ముద్దా లాక్కున్నట్టు కాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న వేరు. సీటు దొరికి, ఫీజు అవసరం లేక, బస్సు కూడా ఉండి, ఆ అక్క ఎందుకు మానేసింది?

మానేసిందని మీరంటున్నారు. మేము దగ్గరుండి చూశాం, ఆమె మానెయ్యలేదు. లెక్క ఆమెను బయటికి పంపింది.

ఆ లెక్క ఇది. సెమిస్టర్‌కి సుమారు 90 పనిదినాలు. స్కాలర్‌షిప్పు రావాలన్నా, పరీక్ష రాయాలన్నా 75 శాతం హాజరు ఉండాలి. అంటే 68 రోజులు క్లాసులో కూర్చోవాలి, 22 రోజులు మాత్రమే పోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో 65 నుంచి 75 మధ్యలో ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి బయటపడవచ్చు. 65 కూడా లేకపోతే డిటైన్. ఈ 22 రోజుల్లోనే మన బతుకంతా పట్టాలి.

పడుతుందా? చూడండి. అక్టోబరు నుంచి పత్తి తీత. అది ముగిసేసరికి మిర్చి కోతలు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట, తెల్లారకముందే అడవిలో ఉండాలి. మొదటి సెమిస్టర్ పరీక్షలు పత్తి మీద పడతాయి, రెండో సెమిస్టర్ పరీక్షలు తునికాకు మీద పడతాయి. వానాకాలం గోదావరి సంగతి చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. రోడ్డు మునిగిన రోజు చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చే పిల్ల ఏ పడవెక్కి వచ్చి హాజరు వేయించుకోవాలి? రిజిస్టర్‌లో ఆ రోజుకి కూడా "ఆబ్సెంట్" అనే రాస్తారు.

ఇది పట్నంలో తల్లిదండ్రులు ఫీజు కట్టి, డబ్బా కట్టి పంపే పిల్లవాడిని మనసులో పెట్టుకొని రాసిన రూలు. వాడికి 22 రోజులు ఎక్కువే. జ్వరానికి వారం, అక్క పెళ్ళికి వారం, ఇంకా మిగులుతాయి. మనకి మాత్రం ఒక్క మిర్చి సీజన్‌కే చాలవు. ఒకే కొలబద్దతో ఇద్దరినీ కొలిచి, తక్కువొచ్చినవాళ్ళకి "శ్రద్ధ లేదు" అని పేరు పెడుతున్నారు.

ఇక కాన్పు దగ్గరికి వద్దాం. 2017 సవరణ తర్వాత ప్రసూతి ప్రయోజన చట్టం వర్తించే చోట పనిచేసే ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లలకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు. మంచి చట్టం, ఎవరూ కాదనరు. మరి అదే వయసులో, అదే కాన్పు అయిన విద్యార్థినికి ఎంత? పైన చెప్పిన 22 రోజులే. బాలింతకు మన గూడెంలో ముసలమ్మలు కూడా అంతకంటే ఎక్కువ విశ్రాంతి ఇస్తారు.

ఇంకోటి చూడండి. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు. మధ్యాహ్నం కేంద్రంలోనే కూర్చొని తినాలి. మనలాంటి వాళ్ళకి ఎంతో అవసరమైన పథకం. అదే మధ్యాహ్నం ఆమె కాలేజీలో కూర్చొని హాజరు తెచ్చుకోవాలి. ఒక శాఖ అన్నం గూడెంలో పెడుతుంది, ఇంకో శాఖ హాజరు టౌన్‌లో తీసుకుంటుంది. కడుపుతో ఉన్న పిల్ల రెండు చోట్లా ఒకేసారి ఎట్లా ఉంటుంది? అన్నం వదులుకోవాలా, సెమిస్టర్ వదులుకోవాలా? ఈ ప్రశ్న ఎవరికీ రాలేదంటే, కడుపుతో ఉన్న విద్యార్థిని ఉంటుందనే ఆలోచనే ఎవరికీ లేదని అర్థం.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. పని జరిగే చోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, వాళ్ళని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని అందులోనే రాశారు. అమలు ఎంత అనేది వేరే సంగతి. కానీ రాసినవాళ్ళకి కనీసం తోచింది, మట్టి పని చేసే ఆడమనిషికి చంటిపిల్ల ఉంటుందని. చెరువు గట్టు మీద ఉన్న హక్కు డిగ్రీ కాలేజీలో ఎందుకు లేదు? తట్ట మోస్తే తల్లి, పుస్తకం మోస్తే తల్లి కాదా?

కల్యాణలక్ష్మి గురించి కూడా అనుకుందాం. పద్దెనిమిది నిండిన ఆడపిల్ల పెళ్ళికి ప్రభుత్వం 1,00,116 రూపాయలు ఇస్తోంది. తీసుకున్న ఇళ్ళు మన గూడేల్లో చాలా ఉన్నాయి, అప్పు తప్పింది, సంతోషం. కానీ పెళ్ళి ఖర్చుకి సాయం చేసే ప్రభుత్వం, ఆ పెళ్ళికూతురు తర్వాతి సోమవారం కాలేజీకి ఎట్లా పోతుందో ఒక్క లైను కూడా రాయలేదు. పెళ్ళితో ఆమె కథ అయిపోయినట్టే.

"మరి అంత తొందరగా పెళ్ళెందుకు?" అని అడుగుతారు. అడగాల్సిందే. పద్దెనిమిది నిండకముందు చేస్తే అది నేరం, మేమే అడ్డం పడతాం, పడ్డాం కూడా. కానీ ఇరవై ఏళ్ళకి ఇష్టపడి పెళ్ళి చేసుకున్న మనిషిని, ఇరవై రెండేళ్ళకి తల్లైన మనిషిని చదువుకి పనికిరాదని తోసెయ్యడం ఏ న్యాయం? పెళ్ళి వాయిదా వేసుకోవడం ఒక్కటే చదువుకి దారి అయితే, ఇప్పటికే పెళ్ళైన మన అక్కలందరికీ దారి మూసేసినట్టే.

ఇప్పుడు అసలు కోపం ఎక్కడుందో చెప్తాం. ఆదర్శ కథల మీద.

అనంతపురం జిల్లా శింగనమల మండలానికి చెందిన సాకే భారతి గారి గురించి మనందరికీ తెలుసు. ఇంటర్ అయ్యాక పెళ్ళి, పాప, కూలి పని. ఆ కూలికి పోతూనే డిగ్రీ, పీజీ చదివి 2023లో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ నుంచి కెమిస్ట్రీలో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. ఆమె ఫొటో మన ఫోన్లన్నిటిలోనూ తిరిగింది. ఆమె అంటే మాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేం. మా రూములో గోడకి కూడా ఆ పేపర్ కటింగ్ ఉంది.

కానీ ఆ ఫొటో కింద అందరూ ఏం రాశారో గుర్తుందా? "మనసుంటే మార్గముంటుంది." "ఆమె చేయగా లేనిది మీరెందుకు చేయలేరు?" అక్కడే మోసం జరుగుతోంది. ఆమె మోసిన బరువు చూసి "ఈ బరువు ఎవరు పెట్టారు" అని అడగాల్సింది పోయి, "మీరూ మొయ్యండి" అంటున్నారు. లక్షమందిలో ఒకరు ఈది ఒడ్డుకొస్తే దండ వేస్తాం. మిగతావాళ్ళు మునిగితే ఈత రాలేదంటాం. వంతెన కట్టే పని మాత్రం ఎవరూ ఎత్తరు. భారతి గారి కథ చదివి ఒక్క యూనివర్సిటీ అయినా హాజరు రూలు మార్చుకుందని మేము వినలేదు.

రూలు మారితే ఏమవుతుందో మనకి తెలుసు. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పాస్ డబ్బుల కోసం మొగుడి ముందు, అత్త ముందు చెయ్యి చాపే పని ఆ రోజుతో పోయింది. "రోజూ చార్జీలకే సరిపోతుంది, మానెయ్" అనే సాకు పోయింది. దానికి ఎవరూ స్ఫూర్తి పొందాల్సిన అవసరం రాలేదు. ఒక్క ఆర్డరు చాలింది. పది సన్మాన సభలకంటే ఒక్క రూలు మార్పు ఎక్కువ పని చేస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

కొందరు అన్నలు అంటారు, "రెగ్యులర్ ఎందుకు, ఓపెన్‌లో కట్టుకోవచ్చుగా" అని. ఓపెన్ చదువుని మేము చిన్నచూపు చూడం. 1982లో మన హైదరాబాద్‌లో పెట్టిన ఓపెన్ యూనివర్సిటీ దేశంలోనే మొదటిది. ఇప్పుడది అంబేద్కర్ గారి పేరుతో ఉంది. గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022లో యూజీసీ కూడా స్పష్టం చేసింది. ఎవరికి అది కుదిరితే వాళ్ళు ధైర్యంగా కట్టండి, ఎవరేమన్నా పట్టించుకోవద్దు. మేము కాదనేది ఒక్కటే. ఓపెన్ అనేది ఎంచుకునే దారిగా ఉండాలి, పెళ్ళైన ఆడపిల్లని నెట్టే మూలగా ఉండకూడదు. బీఎస్సీ ల్యాబ్ చెయ్యాలనుకునే అక్కని, సిగ్నల్ కోసం చెట్టెక్కాల్సిన గూడెంలో కూర్చోబెట్టి "ఒక్కదానివే చదువుకో" అనడం సలహా ఎట్లా అవుతుంది? మొదటి తరం పిల్లలకి క్లాసు అంటే పాఠం ఒక్కటే కాదు. ఫారం ఎట్లా నింపాలో, ఎవరిని ఏం అడగాలో నేర్పేది కూడా ఆ క్లాసే. మా ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కాబట్టే మాకు కాలేజీ ఎక్కువ అవసరం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి.

మన అన్నల్లో కూడా పెళ్ళైనవాళ్ళు డిగ్రీ చదువుతున్నారు. బీఎడ్ చదువుతున్నారు, గ్రూప్స్‌కి కోచింగ్ తీసుకుంటున్నారు. వాళ్ళని "సీటు వేస్ట్" అని ఈ గ్రూపులో ఎవరూ అనలేదు. ఎందుకని? వాళ్ళ పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు? వాళ్ళ రూమ్ రెంట్ ఎవరి మిర్చి కూలితో కడుతున్నారు? చాలా ఇళ్ళల్లో ఆ వదిన కూడా ఇంటర్ పాసే. కొంతమంది డిగ్రీ సెకండియర్ దాకా చదివినవాళ్ళు. మొగుడు చదవాలని ఆమె టీసీ పెట్టెలో పెట్టింది. ఆయన పాసైతే ఊరంతా "కష్టపడి చదివాడు" అంటుంది. ఆ కష్టంలో సగం ఎవరిదో ఎవరూ అనరు. పెళ్ళైన మగవాడు చదివితే పట్టుదల, పెళ్ళైన ఆడది చదివితే సీటు వేస్ట్. ఈ తేడా ఏ చట్టంలో ఉంది అన్నా?

చట్టంలో ఉన్నది వేరే. 2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని చెప్తుంది. భూమి కాగితం మీద ఇద్దరి పేర్లు కావాలని మనమే కొట్లాడాం. చదువు కాగితం మీద మాత్రం ఒక్కరి పేరే చాలా? ఒక సెమిస్టర్ ఆయన చేలోకి పోయి ఆమెను క్లాసుకి పంపితే ఏం కూలిపోతుంది? మన పెద్దవాళ్ళు పనిని పంచుకున్నారు, పంటని పంచుకున్నారు. చదువు వచ్చేసరికి పంపకం ఎందుకు ఆగిపోయింది?

"ఇంతా చేసి డిగ్రీతో ఏం వస్తుంది?" అనే మాట కూడా వింటున్నాం. నిజమే, ఒకప్పుడు ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అని 2000లో వచ్చిన జీవో 3 ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జీవోని నమ్ముకొని పిల్లల్ని చంకనేసుకొని చదివిన అక్కలకి అది పెద్ద దెబ్బ. కానీ దాని నుంచి "చదువు దండగ" అని నేర్చుకుంటే ఎట్లా? రక్షణ తగ్గిన చోట చదువు ఇంకా ఎక్కువ కావాలి. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ మహిళల్లో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 40 మందే. ఆ మిగతా అరవై మంది కూతుళ్ళమే మేము. మా అమ్మలు వేలిముద్ర వేసిన కాగితాలు మేము చదివి చెప్తున్నాం. రేపు మా పిల్లలకి ఇంట్లోనే చదివి చెప్పే తల్లి ఉండాలి. డిగ్రీతో ఏం వస్తుందంటే అది వస్తుంది.

మా డిమాండ్లు ఇవి.

ఒకటి. 2021 డిసెంబరులో యూజీసీ అన్ని యూనివర్సిటీలకూ లెటర్ రాసింది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకు కూడా ప్రసూతి సెలవు, హాజరులో మినహాయింపు, పరీక్ష ఫారం గడువులో సడలింపు ఇచ్చేలా రూల్స్ చేసుకోమని. కేరళలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2022లోనే 60 రోజుల సెలవు ఇచ్చింది. మన యూనివర్సిటీలు కూడా రాతపూర్వకంగా రూలు చేసి, ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రిన్సిపాల్ దయ మీద వదలకూడదు.

రెండు. అంగన్‌వాడీతో కలిపి ఆరు నెలల పిల్లల నుంచి చూసుకునే శిశు సంరక్షణ కేంద్రాలకు కేంద్రంలో పాల్నా పథకం ఉంది. ఏజెన్సీలో ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ దగ్గర అలాంటిది ఒకటి పెట్టాలి. ఆరోగ్యలక్ష్మి భోజనం కూడా అక్కడే పెట్టాలి.

మూడు. పత్తి, మిర్చి, తునికాకు సీజన్లు చూసి ఏజెన్సీ కాలేజీల టైంటేబుల్ వెయ్యాలి. ల్యాబులు వరసగా కొన్ని రోజుల్లో పూర్తిచేసే పద్ధతి పెట్టాలి. గోదావరి రెండో హెచ్చరిక దాటిన రోజులు హాజరు లెక్కలోంచి తీసెయ్యాలి.

నాలుగు. పని వల్ల, కాన్పు వల్ల మూడేళ్ళ డిగ్రీ నాలుగేళ్ళలో పూర్తిచేసేవాళ్ళకి ఆ నాలుగో ఏడు కూడా స్కాలర్‌షిప్పు, హాస్టల్ ఇవ్వాలి. ఇప్పుడు కాలేజీ హాస్టల్ విద్యార్థికి నెలకి 2,100 రూపాయలు మెస్ చార్జీ ఇస్తున్నారు. పెళ్ళైందనే కారణంతో ఏ హాస్టల్లోనూ సీటు కాదనకూడదు.

డిమాండ్లు తీరేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ఇప్పుడే చెయ్యగలిగినవి చెప్తాం. పెళ్ళైన అక్కలు డిగ్రీ అయ్యేదాకా ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోవద్దు. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు కలవకపోతే స్కాలర్‌షిప్పు ఆగుతుంది. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ ఉందో లేదో సెమిస్టర్ మొదట్లోనే చూసుకోండి. కాన్పు తేదీ తెలియగానే ఎంసీహెచ్ కార్డు జిరాక్స్ పెట్టి ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు ఇవ్వండి, ఇంకో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. నోటి మాట నమ్మొద్దు. డిటైన్ అయినవాళ్ళు మళ్ళీ చేరడానికి ఎంత గడువు ఉందో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. చాలామంది గడువు ఉండగానే అయిపోయిందనుకొని ఇంట్లో ఉండిపోయారు.

ఇక గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక పని. మీ గూడెంలో డిగ్రీ మధ్యలో ఆగిపోయిన వదిన, అక్క, చెల్లె ఎవరున్నారో చూడండి. ఏ సెమిస్టర్ దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది అని ఆమెనే అడగండి, మొగుణ్ణి కాదు. పేర్లు గ్రూపులో పెట్టకుండా, మండలానికి ఎందరు అనే లెక్క మాత్రం మాకు పంపండి. ఆ లెక్క పట్టుకొని ఐటీడీఏ పీఓ గారి దగ్గరికి, యూనివర్సిటీ రిజిస్ట్రార్ దగ్గరికి పోదాం. "మానేస్తున్నారు" అన్న అన్నలు కూడా రండి. ఎవరు మానేశారో, ఎవరిని మాన్పించారో అక్కడ లెక్కతో సహా మాట్లాడదాం.

జై ఆదివాసీ.